మనోళ్ళకి తీసిన తలుపు

మలయ్ దేశంలో, సుంగై సిపుట్ పెద్దవీధిలో, పాత దుకాణాలన్నిటికీ ముందు ఒకటే వరండా, వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగిపోతుంది. ఎండయినా వానయినా జనం దాని కిందే నడుస్తారు. అందులో ఒక కాఫీ కొట్టు పక్కన, మేడమెట్ల కింద, పొడుగు మనిషి నిలబడితే తల తగిలేంత చోటులో అప్పడు అనే తాళాలవాడి బల్ల ఉంది. వెనక గోడ మీద ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు చేప పొలుసుల్లా వేలాడుతుంటాయి. మెట్ల మీద ఎవరు దిగినా అవన్నీ గలగలమంటాయి, పైనుంచి సున్నం పొడి అప్పడి నెత్తిన రాలుతుంది. అతను దులుపుకోడు. అరవై దాటిన మనిషి, ఎలాగూ నెరిసిన తల, ఏది సున్నమో ఏది వయసో చూసేవాళ్ళకి తెలియదు.

తాళాన్ని మన పెద్దలు కప్ప అన్నారు. నోరు మూసుకుని కూర్చున్న ఇత్తడి తాళాన్ని చూస్తే ఆ మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. మలయ్‌వాళ్ళు దాన్నే మామిడికాయ అంటారు. మనకి తాళాన్ని తీసేది దాని చెవి, వాళ్ళకి దాని బిడ్డ. నాలుగువేల ఏళ్ళ కిందట ఈజిప్టులో కొయ్యతాళాలు ఉండేవట, లోపల మేకులు పడుతూ లేస్తూ ఉండేవట. అప్పడి బల్ల మీద ఉన్నవాటిలోనూ అవే మేకులు, కాస్త సన్నబడ్డాయి అంతే. మనిషి ఎన్ని కనిపెట్టినా పక్కవాడి మీద అనుమానం మాత్రం పాతదే వాడుతున్నాడు.

అప్పడు పుట్టిన రబ్బరుతోటలో తాళాలు లేవు. కూలీల వరస గదుల్లో, లైన్లంటారు వాటిని, తలుపుకి ఒక కొక్కెం ఉండేది, అదీ కుక్కలు దూరకుండా వేసేది. పాలకొండ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన తాతలు తెచ్చుకున్నది రేకుపెట్టె, దానికి ఒక తాళం. ఆ తాళంచెవి ఎవరి మొలతాడుకి ఉందో లైను అంతటికీ తెలుసు, అందుకని పెట్టె భద్రంగానే ఉండేది. పెరిగాక అప్పడు రబ్బరుపాలు తీసే కత్తి పట్టలేదు. పట్నంలో ఒక చీనా ముసలాయన దగ్గర తాళాల పని నేర్చుకున్నాడు. తోట అమ్ముడుపోయి, చెట్లు కొట్టేసి, జనాన్ని వరస ఇళ్ళలోకి తోలినప్పుడు, ఇనుప గ్రిల్లు ఉన్న ఇళ్ళు, ఎవరో తెలియని పొరుగు, మనవాళ్ళందరూ జీవితంలో మొదటి తాళం కొన్నది అప్పడి దగ్గరే. పెళ్ళికి పట్టుబట్టలు కొన్నంత జాగ్రత్తగా కొన్నారట. కొందరు పసుపు రాసి తగిలించారట.

తాళం కొనేటప్పుడు మనుషులు తాళాన్నే చూస్తారు. అప్పడు తలుపు గురించి అడుగుతాడు.

"తలుపు సెదలు తినేసిందేటి? కీలు బయటికుందా లోపలికుందా? సెదలు తలుపుకి ఇంత తాళవెందుకు? ముసిలోడికి పెళ్ళిసోకులాగుంటాది."

గ్రిల్లుకి వేసే తాళానికి పైనున్న కొంకి పొట్టిగా ఉండాలంటాడు, దొంగ కత్తెర దూరకుండా. గొలుసు వద్దంటాడు, గొలుసులో ఏదో ఒక కడియం ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది. కొన్న ఇంట్లోకి మారితే ముందు తలుపుతాళం లోపలి గొట్టం మార్పించుకోమంటాడు. తాళంచెవి పోతే ఆ పూటే తాళం మార్చాలి, రేపన్నమాట లేదు. పనిమనిషి మానేసినా అంతే. "కోడలు అలిగి ఎల్లిపోయినా అంతే" అని నవ్వుతాడు. ఇక అతనికి కోపం వచ్చేది ఒక్క విషయానికి: మనవాళ్ళ ఆడవాళ్ళు దేవుడి దీపంలో మిగిలిన నూనె తాళంలో పోస్తారు, పుణ్యం పురుషార్థం రెండూ అని. ఈ చెమ్మదేశంలో ఆ నూనె నెలకల్లా జిగురవుతుంది. "పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి ఊదు లా! దేవుడికి ఏసింది దేవుడికే ఒగ్గీ" అంటాడు, మలయ్‌వాళ్ళ 'లా' ఒకటి తగిలించి. వాళ్ళు తలూపుతారు, మళ్ళీ నూనే పోస్తారు.

ఇప్పుడు వేలు పెడితే తెరుచుకునే తాళాలు, ఫోన్‌లో నొక్కితే తెరుచుకునే తాళాలు వచ్చాయి. కొత్త కాలనీలవాళ్ళు అప్పడి దగ్గరకి రారు. బాటరీ అయిపోయి గుమ్మంలో నిలబడిపోయినప్పుడు మాత్రం వస్తారు.

అతని బల్ల ముందు ఒక అట్టముక్క వేలాడుతుంది. ఇల్లు తెరవాలన్నా, తాళం మార్చాలన్నా ఐసీ గుర్తింపు కార్డు చూపాలి, ఆ ఇంటి కరెంటు బిల్లు చూపాలి. ఆ విషయంలో అతనికి మొహమాటం లేదు. ఒకసారి తమిళ మాస్టారు దేవరాజన్ ఇంటి బయట చిక్కుకుపోయి, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అప్పడు, త్వరగా రావయ్యా, స్టవ్ మీద పప్పు పెట్టాను!"

"బిల్లు సార్?"

"ఎన్నయ్యా ఇది! బిల్లు ఇంట్లో ఉంది. ఇంటికి తాళం పడింది. నీ కొడుక్కి నేను కదా చదువు చెప్పాను!"

"మా గుంటడికి సదువు సెప్పినారు గానీ, ఆ ఇల్లు మీదేనని తాళానికి తెల్దు సార్."

చివరికి పక్కింటి మలయ్ పెద్దమనిషి వచ్చి హామీ ఇచ్చాక కదిలాడు. పప్పు మాడిపోయింది. మాస్టారు చాలాకాలం ఆ కథ చెప్పుకుని తిట్టాడు, కానీ ఆ వీధిలో అప్పడి మీద నమ్మకం ఆ మాడిన పప్పుతోనే స్థిరపడింది.

అంతటి మనిషికి ఒక లొసుగు ఉంది. ఆ ఊళ్ళో మనవాళ్ళు గుప్పెడు. గుళ్ళో, బ్యాంకులో, ఆసుపత్రిలో అందరూ తమిళులనే అనుకుంటారు. కాదని చెప్పీ చెప్పీ విసుగెత్తి అప్పడూ ఊరుకున్నాడు. కొడుకు వినోద్‌కుమార్‌కి తెలుగు అర్థమవుతుంది, జవాబు తమిళంలో ఇస్తాడు. కాబట్టి బల్ల ముందుకి ఎవరైనా వచ్చి నాలుగు ముక్కలు తెలుగులో అంటే చాలు, అప్పడు ముక్కాలిపీట లాగుతాడు, కాఫీ కొట్టువైపు తిరిగి రెండు టీలని కేకేస్తాడు. అట్టముక్క మీద రాసింది మరిచిపోతాడు. ఐసీ బదులు ఇంకోటి అడుగుతాడు: "మీది ఏ తోట? మీ తాతది ఏ ఊరు?" వచ్చినవాడు శ్రీకాకుళం వైపు ఊరి పేరు ఒకటి చెబితే, ప్రభుత్వ ముద్ర పడినట్టే.

భార్య నూకమ్మ మందలించేది. "మనోళ్ళలో దొంగల్నేరేటి?"

"ఉంటారు. కోళ్ళ దొంగలు. ఇళ్ళ దొంగలుండరు."

పోలమ్మ అని మనవాళ్ళలోనే ఒకావిడ. ఆమె మొగుడు సీతారాం అప్పడు పుట్టిన తోటవాడే. లైన్లలో అప్పడి పక్కవాటాలో పెరిగాడు, ఇద్దరూ బావా బావా అనుకునేవారు. లారీ తోలి, ముప్పై ఏళ్ళు అప్పు కట్టి, ఊరి చివర వరస ఇళ్ళలో ఒకటి సొంతం చేసుకున్నాడు. పిల్లలు లేరు. ఒక మధ్యాహ్నం ముందుగదిలో, పడక్కుర్చీలో, టీవీలో వార్తలు నడుస్తుండగా ప్రాణం పోయింది. గుడి పెద్ద పంచాంగం తిప్పి ధనిష్ఠ అన్నాడు. ధనిష్ఠలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. మనుషులు ఉండకూడదు, గుమ్మం దాటకూడదు. గడువు తీరాక ఇంటావిడ తన చేత్తో తలుపు తీసి, శుద్ధి చేసి, మనిషి పోయిన చోట దీపం పెట్టాలి. అప్పటిదాకా పోయినవాడు గుమ్మంలోనే నిలబడి ఉంటాడని మనవాళ్ళ నమ్మకం. ఈ రోజుల్లో చాలామంది ఆ గదికి తాళం వేసి తక్కిన ఇంట్లో ఉండిపోతున్నారు. సీతారాం పోయింది ముందుగదిలో. వంటింటికి పోవాలన్నా దాన్ని దాటాల్సిందే. అందుకని ఇల్లంతా మూయక తప్పలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు పోలమ్మ తాళం కోసం అప్పడి దగ్గరకి వచ్చింది. చేతిలో బట్టల సంచి. ఆ సాయంత్రమే సుంగై పెటానిలో చెల్లెలింటికి బస్సు.

"అన్నా, గట్టిది ఇయ్యి. ఆ ఇల్లు తప్ప నాకు మరేటీ నేదు."

"కూకో సెల్లీ. గట్టిదే ఇత్తాను. కానీ బయట తాళం ఏలాడతంటే ఇంట్లో ఎవుల్నేరని ఊరికి సెప్పినట్టే. అరుగు మీద ఓ జత సెప్పులు ఒగ్గీ. మనిసున్నట్టుంటాది."

పోలమ్మ అతని మొహంలోకి చూసింది.

"ఎవుల సెప్పులు? ఆడివా?"

సీతారాం పేరు ఎత్తలేక అప్పడు గోడ మీది తాళాల్లో వెతకసాగాడు. పోలమ్మకే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "ఉన్నన్నాళ్ళూ సెప్పులు లోపలికే తెచ్చీసేవోడు. ఇప్పుడు బయటెడితే ఊరుకుంటాడేటి" అంది.

అప్పడు ఆమె ఇంటికి వెళ్ళి, తన దగ్గరున్నవాటిలోకెల్లా బరువైన ఇత్తడితాళం గ్రిల్లుకి తగిలించాడు. చెక్కతలుపు తాళాన్ని విప్పి, తుడిచి, పెన్సిల్ పొడి ఊది బిగించాడు. పోలమ్మ రెండు తాళంచెవులూ చీర కొంగున ముడేసుకుంది.

"నువ్వు సూసుకుంటావు గదా?"

"తాళం నా పూచీ. ఎల్లిరా."

అతను మాట తప్పలేదు. వారానికోసారి మోటారుసైకిల్ మీద అటు వెళ్ళి, గ్రిల్లు బయట నుంచే తాళం కదిపి చూసేవాడు. వాకిట్లో పడిన ఆకులు కర్రతో లాగి పారేసేవాడు. కాగితాలు చొప్పించి వెళ్ళే ప్రచారం కుర్రాళ్ళని తిట్టేవాడు, కాగితాలు పేరుకుంటే ఖాళీ ఇల్లని తెలిసిపోతుందని. మూసిన ఇల్లు తొందరగా ముసలిదవుతుంది. గోడల మీద ఆకుపచ్చ చెమ్మ పాకింది, కుళాయి దగ్గర పిచ్చిమొక్క లేచింది. అప్పడు చూసి బాధపడేవాడు గానీ గుమ్మంలో కాలుపెట్టలేదు. గడువు గడువే.

ఆ గడువు ఇక దగ్గర పడిందనగా కిశోర్‌కుమార్ వచ్చాడు. సీతారాం అన్న కొడుకు. కౌలాలంపూర్‌లో ఏదో వ్యాపారం, కర్మకి వచ్చి ఒక పూట ఉండి వెళ్ళినవాడు. అప్పడు అతన్ని ఆ గుంపులో చూశాడో లేదో గుర్తులేదు. కానీ నోరు తెరిచాడో లేదో, అప్పడి మొహం విప్పారింది.

"మావా, నాను కిశోర్ని. సీతారాం సిన్నాన్న నాకు సొంత సిన్నాన్న. బాగున్నావా?"

నలభై లోపు మనిషి, మంచి చొక్కా, కారు. ఆ నోట్లో ముసలమ్మల తెలుగు. నాయనమ్మ పెంచిందట. అప్పడు పీట లాగాడు, టీ చెప్పాడు.

"మీ తాతది ఏ ఊరు?"

"పాలకొండ కాడ. మా నాయినమ్మ రోజూ సెప్పేది, నాగావళి నీల్లు తాగినోడు అబద్ధవాడడని."

అప్పడి కళ్ళు తడిశాయి. ఆ నది పేరు తన తల్లి పోయాక విన్నది అప్పుడే.

కిశోర్ చెప్పిన సంగతి ఇది. సిన్నమ్మ బస్సులో సంచి పోగొట్టుకుంది. తాళంచెవులు, ఫోను అందులోనే పోయాయి. దొరికినవాడు ఎవడో, ఇల్లు ఖాళీ అని తెలిస్తే? ఆమెకి మోకాళ్ళ నొప్పి, రాలేకపోయింది. తాళాలు మార్పించి కొత్త చెవులు తెమ్మంది. "గుమ్మం దాటకుండా మార్చొచ్చేటని గుడి పెద్దని కూడా అడిగినాను మావా, తప్పునేదన్నాడు" అన్నాడు.

తాళంచెవి పోతే ఆ పూటే తాళం మార్చాలి. ఇన్నేళ్ళూ అప్పడు ఊరందరికీ చెప్పినమాటే అది. కొట్టు కట్టేసి సంచి తీసుకుని కారెక్కాడు.

గ్రిల్లు తాళం తన సొంత తాళమే, అయినా తీయడానికి తంటాలు పడ్డాడు, మంచిది కనుక. దాని చోట అలాంటిదే కొత్తది తగిలించాడు. తలుపు తాళం తేలిగ్గానే వచ్చింది. పాదాలు గుమ్మం బయట ఉంచి, నడుం లోపలికి వంచి, లోపలి గొట్టం మార్చాడు. ఆ ముసలి నడుం అలా వంచినందుకు రెండు రోజులు పట్టేసిందట. కిశోర్ మాత్రం బూట్లతో లోపలికి నడిచి వెళ్ళి, వంటింటి దాకా చూసి, మీటరు ఫోటో తీసుకుని వచ్చాడు.

అప్పడు చూశాడు. నాగావళి మాట చెప్పిన మనిషి మూసిన ఇంట్లోకి బూట్లతో వెళ్ళడం. ఈ కాలం పిల్లలు, అనుకున్నాడు. చెవులన్నీ ఆ చేతిలో పెట్టాడు. ఇక ఇంటిని వాళ్ళ మనిషే చూసుకుంటాడని ఆ తర్వాత అటు వెళ్ళలేదు.

ఇంటికి వెళ్ళి చెబితే నూకమ్మ అన్నం వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"ఆయమ్మ సెల్లెలికి ఫోనుంది గదా. సేసినావా?"

"ఎందుకు? అనుమానించినట్టుంటాది. మనోళ్ళ పిల్లడే."

"మనోళ్ళ పిల్లడే" అని ఆమె ఒక్కసారి తిరిగి అంది. ఇంకేమీ అనలేదు. చెప్పాలంటే ఆమె కూడా ఫోన్ చెయ్యలేదు. ఈ కథ నాకు చెబుతూ ఆ మాట ఆమే అంది.

గడువు తీరిన రోజు పోలమ్మ దిగింది. చేతిలో ఇత్తడి దీపపు కుంది, పసుపు, కొత్త చీపురు. ముందు ఇంటికి వెళ్ళింది. తర్వాత ఎండలో నడుచుకుంటూ అప్పడి బల్ల దగ్గరకి వచ్చింది. కోపం కూడా లేదు, అలసట.

"అన్నా, నీ తాళం తుప్పట్టింది. తిరగనేదు."

కొంగుముడి విప్పి రెండు చెవులూ బల్ల మీద పెట్టింది. అప్పడు వాటిని చేతిలోకి తీసుకున్నాడు. సంచిలో పోయాయన్న చెవులు.

"సెల్లీ, నీ సంచి..."

"ఏ సంచి?"

మెట్ల మీద ఎవరో దిగారు, గోడ మీదవన్నీ గలగలలాడాయి. అప్పడు ఏమన్నాడో అతనికే గుర్తులేదు. ఆమె మాత్రం విన్నంతసేపూ ఆ చీపురు కింద పెట్టలేదట.

ఇద్దరూ వెళ్ళారు. ఇందాక పోలమ్మ వచ్చినప్పుడు లేనివి ఇప్పుడున్నాయి: వాకిట్లో నాలుగు సైకిళ్ళు, తాడు మీద ఫ్యాక్టరీ యూనిఫారాలు. కిటికీలోంచి చూస్తే ముందుగదినిండా పరుపులు. కిశోర్ ఆ ఇంటిని నేపాల్ నుంచి వచ్చిన కార్మికులకి అద్దెకిచ్చేశాడు. కరెంటు తన పేరుకి మార్పించుకున్నాడు. అప్పడు అక్కడి నుంచే కిశోర్‌కి ఫోన్ చేశాడు, పోలమ్మ వినేలా.

"ఏరా, సంచి పోయిందని నాతో అబద్ధవాడినావేటి?"

"మావా, అరవకు. ఇల్లు మా సిన్నాన్నది. ఆయనకి పిల్లల్నేరు, రక్తం నాది. ఆయమ్మకి పెళ్ళి కాయితం ఉందేమో అడుగు."

"మూసినింట్లో మనుసుల్ని పెట్టినావు! దొంగవి నువ్వు!"

"దొంగనా? తలుపు నాను పగలగొట్టినానా? నువ్వే ఒచ్చినావు, నీ సేతుల్తో తీసినావు, కొత్త తాళవేసి సెవులు నా సేతిలో ఎట్టినావు. నాను దొంగనైతే నువ్వేటి మావా?"

అదంతా చక్కటి తెలుగులోనే అన్నాడు. ఒక్క తమిళం ముక్క లేదు.

పోలమ్మకి ఉన్నది ఆ ఇల్లొక్కటే. అందులోకి ఆమె తిరిగి వెళ్ళాలి, ఇక మిగిలిన ప్రశ్న అదే. అప్పడు ఆమెని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, దాచకుండా చెప్పాడు: నేనే తీశాను, కార్డు అడగలేదు, బిల్లు అడగలేదు. మలయ్ ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, ఓపికగా విన్నాడు, బాబాయ్ అన్నట్టు పాక్‌చిక్ అని పిలిచాడు.

"పాక్‌చిక్, మీ బోర్డు నేను దారిలో చూస్తూనే ఉంటాను. మరి అతన్నెందుకు అడగలేదు?"

అప్పడికి మలయ్ బాగానే వచ్చు. కానీ దీనికి జవాబు ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. అతను మా మాట మాట్లాడాడు, అన్నాడు చివరికి. ఆఫీసరు నవ్వలేదు. ఫిర్యాదు రాసుకున్నాడు. ఇంట్లో ఉన్నవాళ్ళు అద్దె ఒప్పందం చూపిస్తున్నారు, బిల్లు కిశోర్ పేరున ఉంది, ఇది బంధువుల ఆస్తి తగాదా, కోర్టులో తేలాలి, అన్నాడు. ఆ మాట ప్రపంచంలో ఏ స్టేషన్‌కి వెళ్ళినా ఒక్కలాగే వినిపిస్తుంది.

భూముల ఆఫీసులో ఇంకోటి తేలింది. పోలమ్మ పెళ్ళి తోట గుళ్ళో జరిగింది. పసుపుతాడు కట్టాడు, లైను అంతా భోంచేసింది. రిజిస్టరు చేయించాలన్న తలంపు ఎవరికీ రాలేదు. తోటల్లో ఇలాంటి కాపరాలు ఎన్నో ఉన్నాయి, ఎవరో ఒకరు పోయేదాకా అవి కాపరాలే.

"సాక్షులున్నారా అమ్మా?" అని గుమాస్తా అడిగింది, జాలిగానే.

"తోటంతా సాచ్చి."

"ఆ తోటవాళ్ళు ఎక్కడున్నారు?"

పోలమ్మ అప్పడివైపు తిరిగింది. అతనొక్కడు. ఇంకొందరు పోయారు, ఇంకొందరు ఎటు పోయారో తెలియదు. గుడి ఉన్న చోట ఇప్పుడు పెట్రోలు బంకు. ఉచిత న్యాయసాయం ఇచ్చే అమ్మాయి, షామిని అని, కేసు తీసుకుంది. గెలవొచ్చు, కానీ చాలాకాలం పడుతుంది, అని ముందే చెప్పింది. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

అప్పడు చెప్పిన నిజం వీధిలోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. తాళాల అప్పడు ఒక విధవరాలి ఇల్లు తీసి వేరేవాడికి ఇచ్చాడట. దాని ముందూ వెనకా ఎవరికి కావాలి? మాడిన పప్పుతో వచ్చిన పేరు పోయింది. దేవరాజన్ మాస్టారు మాత్రం వచ్చి కూర్చున్నాడు ఒకరోజు. దెప్పుదామనే వచ్చాడు. "నన్ను అడిగావే బిల్లు!" అని మొదలుపెట్టి, అప్పడి మొహం చూసి, తన సైకిల్ తాళం ముందుకి తోసి, బిగుసుకుంది చూడు, అన్నాడు. అది బిగుసుకోలేదని ఇద్దరికీ తెలుసు.

పోలమ్మ మాత్రం ఒక్కమాట కూడా అనలేదు. నూకమ్మ ఇంట్లో నాలుగు రోజులుంది, ఇద్దరూ వదినా వదినా అనుకుంటూ కూరలు తరిగారు. అయిదో రోజున అంది:

"ఇల్లు కోర్టు ఎప్పుడిస్తే అప్పుడే. దీపం మాటేటి? ఆడు గుమ్మంలో నిలబడున్నాడు. ఆ నేపాల్ గుంటలు ఆడి మీంచి తిరగతన్నారు."

అప్పడు లేచి సంచి తీసుకున్నాడు. నూకమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"మల్లీ ఆ తలుపు తీస్తావేటి? ఈసారి జైల్లో ఎడతారు."

"ఎట్టనీ."

మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉంది. సైకిళ్ళు లేవు, అందరూ షిఫ్టుకి పోయారనుకున్నాడు అప్పడు. గ్రిల్లు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సన్నటి కడ్డీ తీసి తాళంలో పెట్టాడు. పోలమ్మ పక్కన నిలబడి కుంది పట్టుకుంది. తాళం ఇంకా పలకకముందే లోపలి తలుపు తెరుచుకుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, నిద్రమొహం, జ్వరమేమో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. అప్పడు కడ్డీని చొక్కాలోకి తోసేశాడు. కన్నంలో దొరికిన దొంగ ఎలా ఉంటాడో అలా అయిపోయాడు.

కుర్రాడు అతన్ని చూడలేదు. పోలమ్మ చేతిలోవాటిని చూశాడు: కుంది, వత్తి, పసుపు. కాసేపు చూశాడు. ఎవరిల్లు, ఎవరు పోయారు, అదంతా అతనికేం తెలుసు? కానీ లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి గ్రిల్లు తీశాడు.

"మసుక్, మాక్‌చిక్" అన్నాడు వచ్చీరాని మలయ్‌లో. లోపలికి రండమ్మా అని.

పోలమ్మ వెళ్ళింది. అప్పడు వెళ్ళలేదు, బయట నుంచే చూశాడు. పడక్కుర్చీ లేదు. ఆ చోట బూట్ల అర ఉంది. ఆమె దాని ముందు ఆగిపోతే కుర్రాడికి అర్థమైంది. ఆ అరని పక్కకి లాగాడు, తన తువ్వాలుతోనే నేల తుడిచాడు. ఆమె పసుపునీళ్ళు చల్లి, కుంది పెట్టి, వత్తి వెలిగించింది. పరుపుల మధ్య అంత చిన్న దీపం. ఏదో గొణిగింది, మంత్రం కాదు, మొగుడితో మాట్లాడినట్టుగా. ఎంతోసేపు కూర్చోలేదు, పరాయివాళ్ళ మంచం దగ్గర ఎంతసేపని కూర్చుంటుంది? దీపం ఆరేదాకా చూడు బాబూ, అని చేతులతో చెప్పింది. అతను తలూపాడు.

ఆమె బయటికి వచ్చాక కుర్రాడు నొచ్చుకుంటున్నట్టు నవ్వాడు. ఎప్పుడూ తాళం వేసే ఉంచాలని యజమాని చెప్పాడట. గ్రిల్లు లాగి, తాళం నొక్కాడు. శబ్దం కూడా పెద్దగా లేదు. మెత్తగా, తొణక్కుండా పడింది.

"బాగా పడతంది, అన్నా" అంది పోలమ్మ. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. "మంచి తాళవే ఏసినావు."

అప్పడు తలవంచుకుని మోటారుసైకిల్ వైపు నడిచాడు. అంతలో వాన దిగింది. ఆ దేశంలో వాన ముందు చెప్పి రాదు, ఒక్కసారిగా ఆకాశం తెగినట్టు పడుతుంది. ఎటూ పోలేక ఇద్దరూ వెనక్కి వచ్చి, ఆ ఇంటి చూరు కింద, గ్రిల్లుకి వీపులు ఆనించి నిలబడ్డారు. జల్లు లోపలికి కొడుతోంది. దీపం ఆరిపోకుండా కుర్రాడు వచ్చి కిటికీ మూశాడు. ఆ తర్వాత వాళ్ళకి లోపలిదేదీ కనబడలేదు.